వేళకు చేరవలసిన మందు



ఆలస్యము అమృతము విషము అని మన పూర్వులు చెప్పిరి. ఆ సామెత పనులను గూర్చి పుట్టినదే కాని మందులను గూర్చి పుట్టినది కాదు. అయినను నూరేండ్లకు మించిన చరిత్ర గల ఒక మందు విషయమున అది అక్షరాల నిజమైనది. ఆ మందు పేరు ఇన్సులిన్. అన్నము వేళకు చేరినచో అది ప్రాణము నిలుపును. అన్నము జీర్ణమైన తరువాత చేరినను, అన్నము లేని కడుపున చేరినను కీడు చేయును. కావున ఆ మందు చరిత్రను ఈ ప్రసంగమున ఒక్క ప్రశ్న వెంట నడిపింపదలచితిని. దానిని వేళకు చేర్చుటకై మనుష్యులు ఏమేమి చేసిరి? ఎంతవరకు సాధించిరి?

నేను వైద్యుడను కాను, చరిత్ర చదువుకొనువాడను. ఎవరికి ఏ మందు, ఎంత మోతాదు అను సంగతి వైద్యుడే నిర్ణయింపవలెను. కాని మన యింట నున్న మందుసీసా ఏ కాలమున, ఏ కష్టము తీర్చుటకై పుట్టినదో తెలిసికొన్నచో, దానిని వాడుకొనుటలో జాగ్రత్త పెరుగునని నా నమ్మకము. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనము మన దేశమున 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము కలదని అంచనా కట్టినది. 

ఈ వ్యాధి మనకు క్రొత్త కాదు. సుశ్రుతసంహితలో ప్రమేహము రెండు విధములుగా చెప్పబడినది: పుట్టుకతో వచ్చునది యొకటి, అపథ్యముచేత వచ్చునది యొకటి. మొదటిది వచ్చినవాడు కృశించియుండుననియు, రెండవది వచ్చినవాడు స్థూలుడై యుండుననియు ఆ గ్రంథము చెప్పుచున్నది. నేటి వైద్యులు ఒకటవ రకము, రెండవ రకము అని చేయు విభాగమునకు ఇది దూరపు చుట్టమువలె కనబడును. అయితే శరీరములో ఏ అవయవము చెడుటచే ఈ వ్యాధి కలుగునో ఆ కాలమున ఎవరికిని తెలియదు.

ఆ రహస్యము పందొమ్మిదవ శతాబ్దమున బయటపడినది. 1869లో బెర్లిను నగరమున పాల్ లాంగర్‌హాన్సు అను వైద్యవిద్యార్థి, జీర్ణాశయమునకు వెనుక నుండు క్లోమమను గ్రంథిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు నడుమ నడుమ ద్వీపములవలె నున్న కణముల గుంపులను చూచెను. అవి ఏమి చేయునో అతనికి తెలియలేదు. 1889లో, నాడు జర్మనీ యేలుబడిలో నున్న స్ట్రాస్‌బర్గు పట్టణమున, ఆస్కార్ మింకోవ్‌స్కీ, జోసెఫ్ ఫాన్ మేరింగు అను వైద్యు లిద్దరు ఒక కుక్క క్లోమమును కోసి తీసివేయగా, దానికి మధుమేహము వచ్చెను. క్లోమమునుండి వచ్చు ఏదో రసము లేకుండుటచేతనే శరీరము చక్కెరను వాడుకొనలేకపోవుచున్నదని అప్పుడు తేలినది. లాటిను భాషలో ద్వీపమునకు ఇన్సులా అని పేరు. లాంగర్‌హాన్సు చూచిన ఆ ద్వీపములలో పుట్టు రసము గనుక దానికి ఇన్సులిన్ అను పేరు కలిగెను.

ఆరోగ్యవంతుని శరీరమున ఈ రసము ఎట్లు పారునో చెరువు క్రింద సేద్యము చేసిన పెద్దలకు చెప్పుట సులభము. చెరువుకట్ట క్రింద రాత్రింబవళ్లు సన్నని ఊట వచ్చుచుండును. తూము తీసినప్పుడు మాత్రము కాలువ నిండ నీరు పారును. అట్లే క్లోమము మనము ఉపవాసమున్నప్పుడును కొంచెము కొంచెముగా ఇన్సులిన్‌ను విడుచుచుండును. అన్నము తిని, రక్తమందు చక్కెర పెరుగ నారంభించిన కొద్ది నిమిషములలోనే తూము తీసినట్లు అధికముగా విడుచును. చక్కెర తగ్గగానే తూము మూయును. ఊట, తూము అను ఈ రెండు మాటలు దయచేసి గుర్తుంచుకొనుడు. నే చెప్పబోవు చరిత్ర యంతయు ఒక మందుతో ఊటను, మరియొక మందుతో తూమును కల్పించుటకు మానవుడు పడిన పాట్ల చరిత్రయే.

1921కి పూర్వము ఒకటవ రకపు మధుమేహము వచ్చిన బిడ్డ బ్రదుకునన్న ఆశ తల్లిదండ్రులకు లేకుండెను. అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ అను వైద్యుడు ఆహారమును మిక్కిలి తగ్గించి, కొందరిని కొన్ని నెలలు, కొందరిని రెండు మూడేండ్లు నిలుపుచుండెను. అది చికిత్స యనుటకంటె గడువు పెంచుట యనుట న్యాయము. అమెరికా విదేశాంగమంత్రిగా నున్న చార్లెస్ ఇవాన్సు హ్యూసు కుమార్తె ఎలిజబెత్తు ఆ విధముగా ఆకలితో మూడేండ్లు గడిపెను. 1922 ఆగస్టులో ఆమెను కెనడా దేశపు టొరంటో నగరమునకు తీసికొనిపోవునప్పటికి వయస్సు సుమారు పదునైదేండ్లు. బరువు సుమారు 20 కిలోలు మాత్రమే. మంత్రి కుమార్తె యైనను, కూలివాని కుమార్తె యైనను ఆ వ్యాధి ముందు సమానమే.

ఆమెను టొరంటోకు తీసికొనిపోవుటకు కారణము కలదు. అంతకు పూర్వము సంవత్సరము, 1921 వేసవిలో, ఫ్రెడరిక్ బాంటింగు అను యువశస్త్రవైద్యుడును, చార్లెస్ బెస్టు అను విద్యార్థియు, ఆచార్య మెక్లియాడు గారి ప్రయోగశాలలో కుక్కల క్లోమమునుండి రసము తీయు ప్రయత్నము మొదలిడిరి. ఆ సంవత్సరాంతమున జేమ్స్ కాలిప్ అను రసాయనవేత్త వారితో చేరెను. 1922 జనవరి 11వ తేదీన టొరంటో జనరల్ ఆసుపత్రిలో లెనార్డు థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు తొలి సూది వేసిరి. గుణము స్వల్పము, మందులో మలినములుండుటచే సూది వేసినచోట గడ్డ లేచెను. కాలిప్ పండ్రెండు దినములు శ్రమించి ఆ రసమును శుద్ధి చేసెను. జనవరి 23వ తేదీన మరల వేయగా బాలుని రక్తమందలి చక్కెర దిగినది, నీరసము తగ్గినది. అతడు 1935 వరకు జీవించెను. ఎలిజబెత్తు హ్యూసు 1981 వరకు జీవించి, సంసారము చేసి, పిల్లలను కని పెంచెను.

1923లో బాంటింగునకును మెక్లియాడునకును నోబెల్ బహుమానము వచ్చెను. బాంటింగు తన భాగమును బెస్టుతోను, మెక్లియాడు తన భాగమును కాలిప్‌తోను పంచుకొనిరి. అంతకంటె గొప్ప సంగతి యింకొకటి కలదు. ఆ మందుపై హక్కును దానిని కనిపెట్టినవారు తలకొక్క డాలరు మాత్రము పుచ్చుకొని టొరంటో విశ్వవిద్యాలయమునకు వ్రాసియిచ్చిరి. ఈ ఒక్క డాలరు మాటను గుర్తుంచుకొనుడు. దీని అక్కర తరువాత రాగలదు.

ప్రాణము నిలుచుట యనునది తీరినది. ఇక చిక్కు వేళను గూర్చి పుట్టినది. పశువుల క్లోమమునుండి తీసిన ఆ మొదటి ఇన్సులిన్‌ను చర్మము క్రింద సూదితో ఎక్కించిన పిమ్మట, అది పనికి ఉపక్రమించుటకు సుమారు అరగంట పట్టును. రెండు మొదలు నాలుగు గంటల నడుమ బలముగా పనిచేయును. ఆరు మొదలు ఎనిమిది గంటలకు అయిపోవును. అందుచేత అది రెండు విధముల లోపము గలదయ్యెను. అన్నమునకు తూముగా వాడుదమన్నచో ఆలస్యముగా వచ్చును. రాత్రి ఊటగా వాడుదమన్నచో తెల్లవారకముందే అయిపోవును. రోగులు దినమునకు మూడు నాలుగు సూదులు వేసికొని, నడిరేయి లేచి మరియొకటి వేసికొనవలసి వచ్చెను.

ఆనాటి పండితులు ఈ రెండు లోపములలో రాత్రి లోపమును ముందు పట్టుకొనిరి. డెన్మార్కు దేశమున హాన్స్ క్రిస్టియన్ హాగెడోర్న్ అను వైద్యుడు 1936లో, చేపల వీర్యమునుండి తీసిన ప్రోటమీను అను పదార్థమును ఇన్సులిన్‌తో కలిపి, అది చర్మము క్రింద మెల్లగా కరుగునట్లు చేసెను. అదే సంవత్సరమున టొరంటోలో దానికి జింకును చేర్చి మరింత నిదానింపజేసిరి. 1946లో హాగెడోర్న్ బృందమువారు ఎన్‌పీహెచ్ అను మందును సిద్ధము చేసిరి. ఆ మూడక్షరములలో చివరిది హాగెడోర్న్ పేరే. అది పాలవలె తెల్లగా నుండును. నేటికిని మన ఆసుపత్రులలో ఇచ్చు మందులలో అది యొకటి.

దీనిచే సూదులు తగ్గినవి, నిద్ర దక్కినది. అయితే మందు మెల్లగా పనిచేయుచుండగా మనిషి దాని వెంట నడువవలసి వచ్చెను. ఉదయము వేసికొన్న మందు మధ్యాహ్నము బలముగా పనిచేయునని తెలిసి, ఆకలి లేకున్నను ఆ వేళకు తినవలెను. పొలమున పని ముగియలేదని భోజనము గంట జరిపినచో చెమటలు పోసి పడిపోవును. ఇట్లు ఊటను గూర్చి ముప్పది నలుబదియేండ్లు శ్రమ జరిగినది కాని, తూముగా వాడవలసిన వేగపు మందు 1922లో ఎంత ఆలస్యముగా వచ్చుచుండెనో, 1980లోను అంతే ఆలస్యముగా వచ్చుచుండెను. కారణ మేమనగా, అది ఎందుకు ఆలస్యమగుచున్నదో ముందు తెలియవలెను.

ఆ కారణము తెలిసికొనుటకు ఇద్దరు గొప్పవారి శ్రమ కావలసి వచ్చెను. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ శాంగర్ 1955 నాటికి ఇన్సులిన్ నిర్మాణమును పూర్తిగా చదివెను. అది రెండు గొలుసులు. ఒకదానిలో 21, రెండవదానిలో 30, మొత్తము 51 పూసలు. ఆ పూసలను ఎమినో ఆమ్లములందురు. ఏ పూస తరువాత ఏ పూస యున్నదో అతడు వరుసగా చెప్పెను. 1958లో అతనికి నోబెల్ బహుమానము వచ్చెను. ఆక్స్‌ఫర్డులో డోరతీ హాడ్జ్‌కిన్ అను విదుషీమణి 1935లోనే ఇన్సులిన్ స్ఫటికముల ఎక్స్‌రే చిత్రమును ప్రకటించి, ముప్పదినాలుగేండ్లు పట్టుదలతో సాగించి, 1969లో ఆ గొలుసులు ఏ విధముగా ముడుచుకొని నిలుచునో చూపెను. ఆ పనిలో ఆమెతో కూడ శ్రమించి, ఆ వ్యాసమున పేరు నిలుపుకొన్నవారిలో ఒకడు మన దేశీయుడు. కేరళమున పుట్టి, తరువాత బెంగుళూరి భారతీయ విజ్ఞానసంస్థలో ఆచార్యుడైన ఎం. విజయన్ ఆయన.

వారు చూపినదేమి? సీసాలో నున్న ఇన్సులిన్ అణువులు విడివిడిగా నుండవు. జింకును నడుమ పెట్టుకొని ఆరేసి అణువులు ఒక గుంపుగా కూడియుండును. ఆరుగురు చేతులు పట్టుకొని ఇరుకు గుమ్మములో దూరజాలరు గదా! ఈ గుంపులును అట్లే సన్నని రక్తనాళముల గోడలను దాటజాలవు. చర్మము క్రింద మెల్లగా చేతులు వదలి, ఇద్దరిద్దరుగాను, ఒక్కొక్కరుగాను విడిపోయిన పిమ్మటనే రక్తములో ప్రవేశించును. అరగంట ఆలస్యమునకు మూలమిది. క్లోమములోను అవి గుంపులుగానే దాచబడియుండును. కాని క్లోమము వానిని నేరుగా రక్తప్రవాహమున విడుచును గనుక అక్కడ వెంటనే విడిపోవును. సూదితో వేసిన మందునకు ఆ భాగ్యము లేదు.

కారణము తెలిసినంతమాత్రమున పని కాదు. గొలుసులోని పూసను మార్చు విద్య కావలెను. ఆ విద్య 1978లో వచ్చినది. మానవుని ఇన్సులిన్‌ను తయారుచేయు సూచనను సూక్ష్మజీవుల శరీరమున చొప్పించి, వానిచేత దానిని చేయించిరి. 1982లో అది అమెరికాలో అమ్మకమునకు అనుమతి పొందెను. నాటినుండి పందుల, ఆవుల గ్రంథులపై ఆధారపడుట క్రమముగా తగ్గినది. దీనిని మానవ ఇన్సులిన్ అందురు. మన ఆసుపత్రులలో రెగ్యులర్ ఇన్సులిన్ అని యిచ్చునది ఇదియే. శుద్ధతలో ఇది పాతదానికంటె మేలు. కాని ఇందును ఆరేసి గుంపులే యున్నవి. కనుక ఆలస్యము తీరలేదు.

ఆ ఆలస్యమును తీర్చిన మొదటి మందు 1996లో వచ్చిన లిస్ప్రో. ముప్పది పూసల గొలుసులో 28వ చోట ప్రోలీను, 29వ చోట లైసీను ఉండును. మన శరీరముననే ఇన్సులిన్‌ను పోలిన మరియొక పదార్థము కలదు. అందు ఈ రెండును తారుమారుగా నుండును, అది గుంపులు కట్టదు. ప్రకృతి చూపిన ఈ దారినే పట్టి, పండితులు ఆ రెండు పూసలను తారుమారు చేసిరి. లైసీను, ప్రోలీను పేర్లు కలిసియే లిస్ప్రో అయినది. తరువాత ఆస్పార్టు వచ్చినది. ఐరోపాలో 1999లోను, అమెరికాలో 2000లోను అనుమతి పొందెను. అందు 28వ చోటి ప్రోలీనును తీసి ఆస్పార్టిక్ ఆమ్లమును పెట్టిరి. మూడవది 2004లో వచ్చిన గ్లూలిసీను. అందు 3వ చోటను 29వ చోటను మార్పులు చేసిరి. మూడింటి దారులు వేరు, గమ్యమొక్కటే: గుంపు వేగముగా విడిపోవలెను.

ఈ మూడును పది పదునైదు నిమిషములలో పని మొదలిడును. ఒకటి రెండు గంటలలో బలముగా పనిచేయును. మూడు మొదలు ఐదు గంటలలో ముగియును. అందుచే రెగ్యులర్ ఇన్సులిన్ వేసికొన్నవాడు అరగంట ఆగి తినవలసియుండగా, వీనిని వేసికొన్నవాడు పది పదునైదు నిమిషములలోగా విస్తరిముందు కూర్చుండవచ్చును. ఇచ్చట ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. వేగము వేరు, బలము వేరు. లిస్ప్రో పది యూనిట్లును, రెగ్యులర్ పది యూనిట్లును దించు చక్కెర మొత్తముమీద సమానమే. వేగపు మందు గదా, గట్టిమందు గదా అని భయపడుటయు, పొంగిపోవుటయు రెండును తగవు.

తరువాత ఇంకను వేగమునకై ప్రయత్నము జరిగినది. 2017లో అదే ఆస్పార్టునకు నయాసినమైడు అను బి విటమిన్ జాతి పదార్థమును చేర్చి, రక్తమున చేరు వేళను మరి యొక ఐదు నిమిషములు ముందునకు జరిపిరి. 2020లో లిస్ప్రోకు, చిన్న రక్తనాళములను విప్పార్చు పదార్థము నొకదానిని, సిట్రేటును చేర్చిరి. వీనిని భోజనము మొదలిడునప్పుడును, అవసరమైనచో మొదలిడిన ఇరువది నిమిషములలోపలను వేసికొనవచ్చును. ఎంత తినునో ముందు తెలియని పసిబిడ్డల విషయమున ఇది తల్లులకు పెద్ద ఊరట. ఇంతచేసినను, క్లోమముతో సరితూగు మందు నేటికిని పుట్టలేదు. చర్మము క్రిందనుండి పోవునది, క్లోమమునుండి సూటిగా కాలేయమునకు పోవునదానికంటె వెనుకబడియే యుండును.

ఇక పోలికకు వత్తము. లిస్ప్రో, ఆస్పార్టు, గ్లూలిసీను అను మూడింటిలో ఏది మేలు? పరిశోధనలలో వీని నడుమ చెప్పుకోదగిన తేడా కనబడలేదు. వైద్యుడు ఏది వ్రాసిన నది, దుకాణమున నిలుకడగా ఏది దొరకిన నది మంచిదే. కాని ఒకదానికి బదులు మరొకటి వైద్యుని అడుగక మార్చరాదు. ఇక వీనికిని రెగ్యులర్ ఇన్సులిన్‌కును నడుమ తేడా ఎంత? ఒకటవ రకపు రోగులలో, మూడు నెలల సగటును చూపు రక్తపరీక్షలో నూటికి సుమారు 0.15 వంతు మాత్రమే మెరుగు కనబడినది. రాత్రివేళ చక్కెర పడిపోవుట కొంత తగ్గినది. రెండవ రకపువారిలో నిర్వివాదమైన ఆధిక్యము తేలలేదు. కావున క్రొత్తమందు కొనజాలని గృహస్థు, పాతమందుచే తన బిడ్డకు అన్యాయము చేయుచున్నానని దుఃఖింపవలసిన పనిలేదు. రెగ్యులర్ ఇన్సులిన్‌ను అరగంట ముందు వేసి, తప్పక వేళకు అన్నము పెట్టువాడు, క్రొత్తమందును వేళాపాళా లేక వాడువానికంటె మేలైన ఫలము పొందును.

అయినను అందరి జీవితములు గడియారము ననుసరింపవు. కూలికి పోయి, యజమాని వదలినప్పుడు తినువానికిని, కడుపునిండ తినునో లేదో తెలియని వృద్ధునకును, చిన్నబిడ్డకును అరగంట ముందు వేయు మందు అపాయకరము. మందు లోపల పనిచేయుచుండగా అన్నము రాదు. అట్టివారికి వేగపు మందు సౌకర్యము మాత్రమే కాదు, రక్షణ. మరియొక వైపు, నేయి, నూనె మెండుగా గల విందుభోజనము మెల్లగా జీర్ణమగును. అప్పుడు వేగపు మందు ముందు పరుగెత్తి, చక్కెర వెనుక వచ్చును. కనుక వేగము అన్నివేళల మేలని చెప్పరాదు. అన్నముతో కలిసి నడచు మందే మంచి మందు.

ఇచ్చట ఆ ఒక్క డాలరు మాట జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 1996లో అమెరికాలో సుమారు 21 డాలర్లకు వచ్చిన లిస్ప్రో సీసా ధర 2017 నాటికి సుమారు 275 డాలర్లకు ఎక్కెను. మందు మారలేదు, ధర మారినది. అంత సంపన్న దేశముననే కొందరు మోతాదు తగ్గించుకొని వాడి ఆపదపాలైరి. పలువురు ఆందోళన చేసిన పిమ్మట 2023లో ఆ ధరను నూటికి డెబ్బది వంతులు తగ్గించిరి. మన దేశమున మానవ ఇన్సులిన్ జాతీయ అత్యవసర ఔషధముల పట్టికలో నున్నది. దాని ధరకు ప్రభుత్వము హద్దు పెట్టును. మందు ఉండియు అందకపోవుట, మందు లేకపోవుటకంటె హెచ్చు బాధ. డబ్బు చాలక మోతాదు తగ్గించుకొనువారు గ్రామమున నున్నచో పెద్దలు కనిపెట్టి, ప్రభుత్వాసుపత్రికి దారి చూపవలెను.

ఈ చరిత్రనుండియే పుట్టిన రెండు ప్రమాదములను గూర్చి హెచ్చరించుట నా విధి. మొదటిది: తేటగా నుండునది వేగపు మందు, పాలవలె నుండునది నిదానపు మందు అని పూర్వము ఒక గుర్తు చెప్పెడివారు. అది చాలకాలము చెల్లినది. కాని 2000 సంవత్సరమున వచ్చిన గ్లార్జీను అనునది దినమంతయు పనిచేయు ఊటమందయ్యు నీటివలె తేటగా నుండును. దానికి బదులు, చూపునకు ఒకటేనని, లిస్ప్రోను అంత మోతాదున వేసికొన్నవాడు గంటలో స్మృతి తప్పవచ్చును. కావున రంగును నమ్మక, సీసామీది పేరును ప్రతి పర్యాయము చదువవలెను. చూపు మందగించిన వృద్ధులకు చదువుకొన్న మనుమడు చదివి చెప్పవలెను.

రెండవది: మన దేశమున ఒక మిల్లీలీటరునకు 40 యూనిట్లు గల సీసాలును, 100 యూనిట్లు గల మందును, రెండును అమ్మబడును. 40కి తగిన సిరంజి మూత ఎఱ్ఱనిది, 100కు తగినది నారింజ రంగుది. 100 మందును 40 సిరంజితో తీసినచో రెండున్నర రెట్లు మందు లోపలికి పోవును. సీసామీది అంకెయు, సిరంజిమీది అంకెయు కలిసినగాని సూది వేయరాదు.

చక్కెర పడిపోయినవాని గుర్తులు చెమట, వణకు, ఆకలి, తడబాటు, అసందర్భపు మాటలు. త్రాగినవాడని పొరబడి ఊరకుండరాదు. తెలివి యున్నచో మూడు చెంచాల చక్కెరను నీట కలిపి త్రాగింపవలెను. పావుగంటలో తేరుకొననిచో మరల ఇయ్యవలెను. తేరుకొన్న పిమ్మట అన్నము పెట్టవలెను. తెలివి తప్పినవాని నోట ఏమియు పోయరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

మందును దాచుట యందును జాగ్రత్త వలయును. తెరువని సీసాలను ఫ్రిజ్‌లో ఉంచవలెను, గడ్డకట్టనీయరాదు. కరెంటు నిలుకడలేని యింట, వాడుచున్న సీసాను తడి యిసుక నడుమ పెట్టిన మట్టికుండలో నీడపట్టున ఉంచుకొనవచ్చును. తెరచిన సీసాను నాలుగు వారములకు మించి వాడరాదు.

ఉపవాసములను గూర్చియు ఒక మాట. ఏకాదశి యైనను, రంజాను మాసమైనను, ఉపవాసము తలపెట్టినవారు ముందుగా వైద్యుని అడిగి మోతాదు మార్పించుకొనవలెను. అన్నము లేని దినమున తూముమందు ప్రమాదము. కాని ఒకటవ రకపువారు, తినలేదు గదా అని ఊటమందును సొంతముగా మానుటయు ప్రమాదమే.

కడపట పెద్దలకు నా విన్నపము. మన పెండ్లిండ్లలో ముహూర్తము జరిగి, బంధువులు దిగి, వడ్డన మొదలగునప్పటికి ఎంత ప్రొద్దెక్కునో మీకు తెలియనిది కాదు. ఆ పందిటిలో ఇన్సులిన్ వేసికొని కూర్చున్న వాడొకడు, అందరికంటె ముందు అన్నమడుగుట అమర్యాద యని సిగ్గుపడి, చెమటలు తుడుచుకొనుచు ఊరకుండును. అతని లోపల తూము అప్పటికే తీయబడినది. పంక్తి మర్యాద తెలిసిన మీరే లేచి, సూది వేసికొన్న వారెవరని విచారించి, వారికి మొదటి విస్తరి వేయింపుడు. నూరేండ్లుగా ఇందరు పండితులు ఆ మందును అన్నము వేళకు తెచ్చుటకై పాటుపడిరి. అన్నమును ఆ మందు వేళకు తెచ్చుట మన చేతిలోని పని.